గ్రాఫిక్స్ కార్డు మారిస్తే ఎస్‌ఎంపీఎస్ తట్టుకుంటుందా: తోటపల్లి గూడూరు తీరం నుంచి

గోడ ప్లగ్గులో వచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటును కంప్యూటర్ లోపలి భాగాలకు పనికొచ్చే 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చే ఇనుప డబ్బాను మన దగ్గర ఎస్‌ఎంపీఎస్ అంటారు. స్విచ్ మోడ్ పవర్ సప్లై అన్నది దాని పూర్తి పేరు. పాత కంప్యూటర్‌కు కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగిస్తే లోపల అన్నిటికంటే ఎక్కువ కరెంటు లాగేది సాధారణంగా ఆ కార్డే అవుతుంది. అందుకే కార్డు కొనే ముందు నాలుగు విషయాలు చూసుకోవాలి: ఎస్‌ఎంపీఎస్ 12 వోల్టుల లైను ఎన్ని ఆంపియర్లు ఇస్తుంది, కార్డుకు కావలసిన పిన్నులు దానికి ఉన్నాయా, దాని వయసెంత, వెనక ఉన్న యూపీఎస్, ఇంటి వైరింగు ఆ బరువు మోస్తాయా. చాలామంది మొదటిదానితోనే ఆగిపోతారు. అదీ ఆంపియర్లు చూడరు, డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్న వాట్ల అంకె చూసి తృప్తి పడతారు. తీర గ్రామాల్లో నాలుగోది కూడా మొదటిదానంత ముఖ్యం.

ప్రాంతం, కరెంటు

తోటపల్లి గూడూరు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాలో, నెల్లూరు నగరానికి తూర్పున బంగాళాఖాతం ఒడ్డున ఉన్న మండలం. వరి పొలాలు, రొయ్యల చెరువులు, కోడూరు బీచ్ దీని గుర్తులు. దక్షిణాన ఆనుకుని ఉన్న ముత్తుకూరు మండలంలో కృష్ణపట్నం పోర్టు ఉంది. అక్కడికి దగ్గర్లోనే నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అందులో 800 మెగావాట్ల యూనిట్లు మూడు. ఇంత పెద్ద కేంద్రం పొరుగునే ఉంటే మన ఇంట్లో వోల్టేజీ ఎప్పుడూ నిలకడగా ఉండాలి కదా అని అడిగేవాళ్లు ఉన్నారు. ఆ కేంద్రంలో పుట్టిన కరెంటు హైటెన్షన్ లైన్ల మీద రాష్ట్ర గ్రిడ్‌లోకి పోతుంది. ఇంటికి వచ్చేది మాత్రం విద్యుత్ పంపిణీ సంస్థ ఎస్‌పీడీసీఎల్ సబ్‌స్టేషన్, 11 కేవీ లైను, వీధి ట్రాన్స్‌ఫార్మర్, సర్వీసు వైరు దాటుకుని వస్తుంది. ఇంట్లో వోల్టేజీ ఎంత ఉంటుందన్నది ఆ చివరి కిలోమీటరు మీద ఆధారపడి ఉంటుంది.

రొయ్యల చెరువుల్లో రాత్రిపూట నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, కాబట్టి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఎక్కువగా తిరిగేది అప్పుడే. మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలుకంటే ఎన్నో రెట్ల కరెంటు లాగుతుంది. అదే లైను మీద ఇళ్లుంటే బల్బు ఒక్కసారి మసకబారి తేరుకుంటుంది. పాత విద్యుత్ నిబంధనలు ఇళ్ల సరఫరాలో 6 శాతం హెచ్చుతగ్గులను ఒప్పుకున్నాయి. అంటే సుమారు 216 నుంచి 244 వోల్టుల దాకా. లైను చివరనున్న ఇంట్లో వోల్టేజీ అంతకంటే కిందికి దిగినప్పుడు కూడా మంచి ఎస్‌ఎంపీఎస్ పనిచేస్తుంది. 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకునేది అయితే 180 దగ్గర కూడా చలించదు. వెనక 115, 230 అని ఎర్ర స్విచ్ ఉండే పాత రకానికి ఆ వెసులుబాటు లేదు. ఆ స్విచ్ పొరపాటున 115 వైపు ఉండగా మన ప్లగ్గులో పెడితే లోపలి కెపాసిటర్లు పేలతాయి. అమెరికాలో వాడిన పాత కంప్యూటర్‌ను బంధువులు తెచ్చిస్తే ముందు చూడాల్సింది ఈ స్విచ్‌నే. గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే తెచ్చిస్తే ఆ బెంగ లేదు. అది తీసుకునేది డీసీ, కాబట్టి ఏ దేశంలో కొన్నా ఒకటే.

ఇక్కడిదాకా ఎలా వచ్చింది

1981లో వచ్చిన ఐబీఎం పీసీ మొత్తానికి 63.5 వాట్ల సప్లై సరిపోయింది. ఆ కాలంలో తెర మీద బొమ్మ చూపించే కార్డుకు విడిగా కరెంటు వైరు అన్న ఆలోచనే లేదు. 2000 ప్రాంతంలో వూడూ5 5500 లాంటి కార్డులు హార్డ్ డిస్కుకు వాడే నాలుగు పిన్నుల ప్లగ్గును అరువు తెచ్చుకున్నాయి. తర్వాత వచ్చిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు 75 వాట్లు ఇస్తానంది. అది చాలకపోవడంతో 75 వాట్ల ఆరు పిన్నులు, 150 వాట్ల ఎనిమిది పిన్నులు, 2022 నుంచి 600 వాట్ల దాకా మోసే పదహారు పిన్నుల ప్లగ్గు వచ్చాయి. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5090 ఒక్కటే 575 వాట్లు లాగుతుంది. తొలి ఐబీఎం పీసీలు తొమ్మిది కలిస్తే అంత.

లెక్క

లెక్క కష్టం కాదు. ప్రాసెసర్ గరిష్ఠంగా లాగేది, కార్డు లాగేది, మిగతావాటికి ఒక 50, 60 వాట్లు కలిపితే చాలు. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు ఆ 60లోనే సర్దుకుంటాయి. పాతకాలపు హార్డ్ డిస్కులు రెండు మూడు ఉంటే ఇంకో పాతిక కలుపుకోవాలి.

ప్రాసెసర్ దగ్గర ఒక మెలిక ఉంది. ఇంటెల్ ఐ5-12400 డబ్బా మీద 65 వాట్లని కనిపిస్తుంది, కానీ పూర్తి వేగంతో పరిగెత్తేటప్పుడు అది 117 దాకా పోతుంది. ఐ3-12100 అయితే 60 అని రాసి 89 దాకా లాగుతుంది. లెక్కలో వేసుకోవాల్సింది పెద్ద అంకెనే. కార్డుల్లో ఆర్‌టీఎక్స్ 3060కి 170 వాట్లు, ఆర్‌టీఎక్స్ 4060కి 115, ఆర్‌ఎక్స్ 6600కి 132, ఆర్‌టీఎక్స్ 4070కి 200. విడి వైరు అక్కర్లేకుండా స్లాటు మీదే బతికే కార్డులూ ఉన్నాయి. జీటీఎక్స్ 1650 రకాల్లో కొన్ని 75 వాట్లతో, ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ రకం 70 వాట్లతో సరిపెట్టుకుంటాయి. అదే 3050 పేరుతో 8 జీబీ రకం మాత్రం 130 వాట్లు తీసుకుంటుంది. ఒకే పేరుతో రెండు వేర్వేరు సరుకులు. షాపులో బిల్లు రాయించేటప్పుడు ఈ తేడా అడిగి తెలుసుకోవాలి.

ఐ5-12400తో ఆర్‌టీఎక్స్ 3060 అనుకుందాం. 117, 170, 58 కలిపితే 345 వాట్లు. ఎన్‌విడియా మాత్రం ఈ కార్డుకు 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలంటుంది. ఆ మిగులు అనవసరమని కొందరి వాదన. నాకు మాత్రం అది సబబే అనిపిస్తుంది. ఒకటి, కంపెనీకి మన ప్రాసెసర్ ఏదో తెలియదు. రెండు, కార్డు లాగే కరెంటు సమంగా ఉండదు. సెకనులో వేయో వంతు కాలంలో అది తన సగటును దాటి ఎగిరిపడుతుంది. 2020లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3080, 3090 కార్డుల విషయంలో ఈ ఎగుడుదిగుళ్లకే మంచి సప్లైలు కూడా కొన్ని ఆగిపోయాయి. అందుకే 2022లో ఇంటెల్ ప్రకటించిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో, పదహారు పిన్నుల ప్లగ్గు ఉండే పెద్ద సప్లైలు తమ రేటింగుకు రెట్టింపు భారాన్ని 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలన్న షరతు చేరింది. మూడు, ఎస్‌ఎంపీఎస్ సగం, ముప్పాతిక భారం మీద చల్లగా, చప్పుడు లేకుండా నడుస్తుంది. మే నెలలో నెల్లూరు ఎండకు గదిలోనే నలభై డిగ్రీలు ఉండేచోట ఆ మిగులును వృథా అనడానికి లేదు.

లేబుల్ చదవడం

ఎస్‌ఎంపీఎస్ పక్కన అతికించిన పట్టికలో అసలు సంగతంతా ఉంటుంది. దాన్ని చదవాలంటే కేబినెట్ పక్క రేకు విప్పాలి, అంతే. 3.3, 5, 12 వోల్టుల గడుల కింద ఆంపియర్లు రాసి ఉంటాయి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ బతికేది 12 వోల్టుల లైను మీదే. ఆ గడిలోని ఆంపియర్లను 12తో గుణిస్తే నిజమైన బలం తెలుస్తుంది.

డబ్బా మీద 450 అని ఉండి, పట్టికలో 12 వోల్టుల కింద 16 ఆంపియర్లని ఉందనుకుందాం. 16ను 12తో గుణిస్తే 192 వాట్లు. మిగతాదంతా ఈ కాలపు కంప్యూటర్ పెద్దగా వాడని 5, 3.3 వోల్టుల మీద పంచి కూడిన అంకె, లేదా క్షణకాలం మాత్రమే ఇవ్వగల అంకె. ఇలాంటి సప్లై మీద ఐ3-12100, ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ పెట్టినా లెక్క 200 దాటుతుంది. నిజాయతీగా కట్టిన 550 వాట్ల సప్లైలో 12 వోల్టుల కింద 45 ఆంపియర్ల దాకా ఉంటుంది, అంటే 540 వాట్లు. కొన్నింటిలో 12 వోల్టులు రెండు గడులుగా ఉంటాయి. ఆ రెండింటినీ కూడకూడదు. వాటి కిందనే రెండూ కలిసి ఎన్ని వాట్లో వేరే వరసలో రాస్తారు, అదే ప్రమాణం. పట్టికే లేని సప్లైని, లేదా 12 వోల్టుల ఆంపియర్లు రాయని సప్లైని గ్రాఫిక్స్ కార్డుకు వాడకూడదన్నది నా తీర్పు.

80 ప్లస్ ముద్ర గురించి ఒక మాట. 2004లో మొదలైన ఈ పథకం గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత శాతం లోపలికి చేరుతుందో కొలుస్తుంది. 2008లో బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అంచెలు వచ్చాయి. సగం భారం దగ్గర బ్రాంజ్‌కు 85 శాతం కావాలి, 230 వోల్టుల కొలతలో గోల్డ్‌కు 92 శాతం. అది పొదుపు కొలత. ఓవర్‌లోడ్ వస్తే తనంతట తాను ఆగే రక్షణలు ఉన్నాయో లేదో, కెపాసిటర్లు ఎలాంటివో ఆ ముద్ర చెప్పదు. అయినా అసలు ముద్రే లేని వాటితో పోలిస్తే బ్రాంజ్ సప్లైని ఎక్కువ నమ్మవచ్చు.

పిన్నులు, వైర్లు

కార్డుకు ఎనిమిది పిన్నుల ప్లగ్గు కావాలంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి 6+2 అని చీలే వైరు రావాలి. ప్రాసెసర్‌కు వెళ్లే 4+4 వైరు కూడా ఎనిమిది పిన్నులదే, చూడటానికి ఇంచుమించు ఒకేలా ఉంటుంది. కానీ అందులో పసుపు, నలుపు తీగల స్థానాలు తారుమారు. బలవంతంగా దూర్చితే 12 వోల్టులు నేరుగా షార్టవుతాయి.

వైరు లేనప్పుడు దుకాణాల్లో చవగ్గా దొరికే మార్పిడి తీగలతో పని కానిద్దామనిపిస్తుంది. సాటా ప్లగ్గు నుంచి ఆరు పిన్నులుగా మార్చే తీగ వీటిలో చాలా ప్రమాదకరమైనది. సాటా ప్లగ్గులో 12 వోల్టులకు మూడే పిన్నులు, ఒక్కోదానికి 1.5 ఆంపియర్లు. మొత్తం 54 వాట్లు. దాని చేత 75 వాట్లు మోయిస్తే ప్లాస్టిక్ కరుగుతుంది. అసలు ఎస్‌ఎంపీఎస్‌కు 6+2 వైరే లేదంటే, ఆ స్థాయి కార్డు కోసం దాన్ని తయారు చేయలేదని కంపెనీయే చెప్పినట్టు. వైర్లు ఊడదీసే రకం సప్లైలలో ఒక కంపెనీ వైరును మరో కంపెనీ సప్లైకి తగిలించకూడదు. కార్డు వైపు పిన్నులకు ప్రమాణం ఉంది, సప్లై వైపు లేదు.

పదహారు పిన్నుల ప్లగ్గు సంగతి వేరు. 2022 అక్టోబరులో ఆర్‌టీఎక్స్ 4090 వచ్చిన కొద్ది రోజులకే ప్లగ్గులు కరిగిన ఫొటోలు లోకమంతా తిరిగాయి. పూర్తిగా లోపలికి దిగని ప్లగ్గులో కొన్ని పిన్నుల మీదే భారమంతా పడటం దీనికి ఒక ప్రధాన కారణమని తేలింది. తర్వాత 12వీ-2×6 అనే సవరించిన రూపం వచ్చింది. ఇలాంటి ప్లగ్గును చప్పుడయ్యేదాకా నొక్కి, దగ్గర్లో వైరు వంచకుండా వదలాలి.

ఒక తెలుగు ఇంజనీరు, ఒక ఆరు పిన్నుల కార్డు

ఈ లెక్కల్లో ఎంత పెద్ద కంపెనీ అయినా తడబడవచ్చని చెప్పే ఉదంతం 2016 నాటిది. ఆ ఏడాది జూన్ 29న ఏఎండీ రాడియన్ ఆర్‌ఎక్స్ 480 కార్డు విడుదల చేసింది. అప్పుడు ఆ కంపెనీ గ్రాఫిక్స్ విభాగానికి అధిపతి తెలుగువాడైన రాజా కోడూరి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్ చదివిన ఆయన తర్వాత ఇంటెల్‌లోనూ గ్రాఫిక్స్ పనికి సారథ్యం వహించారు. ఆర్‌ఎక్స్ 480 అంచనా 150 వాట్లు. స్లాటు నుంచి 75, ఆరు పిన్నుల ప్లగ్గు నుంచి 75. కూడితే సరిగ్గా 150, మిగులు సున్నా. సమీక్షకులు కొలిచి చూస్తే కార్డు స్లాటు నుంచి దాని హద్దుకు మించి లాగుతోందని బయటపడింది. ప్లగ్గు, వైరు కొంత ఎక్కువ భారం ఓర్చుకుంటాయి, మదర్‌బోర్డులోని సన్నటి రాగి దారులకు అంత ఓర్పు ఉండదు. ఏఎండీ వారం పది రోజుల్లోనే కొత్త డ్రైవరు విడుదల చేసి భారాన్ని స్లాటు మీంచి ప్లగ్గు వైపు మళ్లించింది. మొత్తం వాట్లు సరిపోయినా ఏ దారిన ఎంత పోతోందన్నది కూడా లెక్కే అని ఆ కార్డు నేర్పింది.

పాత ఆఫీసు కంప్యూటర్లు

బ్యాంకులు, కంపెనీలు వాడి వదిలేసిన డెస్క్‌టాపులు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తాయి. చదువుకునే పిల్లలున్న ఇళ్లలోకి, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే చిన్న స్టూడియోల్లోకి ఇవి ఎక్కువగా చేరతాయి. డెల్ ఆప్టిప్లెక్స్ 9020 సన్న రకంలో 255 వాట్ల సప్లై, టవర్ రకంలో 290 వాట్లది. మదర్‌బోర్డుకు వెళ్లే ప్లగ్గు కూడా మామూలు 24 పిన్నులది కాదు, ఎనిమిది పిన్నులది. బజారులో దొరికే ఎస్‌ఎంపీఎస్ తెచ్చి నేరుగా బిగించలేం, మార్పిడి తీగ కావాలి. సన్న రకంలో మామూలు ఎస్‌ఎంపీఎస్ పట్టదు, పొడవాటి కార్డూ పట్టదు. ఇలాంటి పెట్టెలకు విడి వైరు అక్కర్లేని సగం ఎత్తు కార్డులే సరైన జోడీ. అంతకు మించి ఆశపడితే కేబినెట్‌తో సహా మార్చుకోవడమే నయం.

యూపీఎస్, ఎర్తింగ్

తీర గ్రామంలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఎస్‌ఎంపీఎస్ లెక్క సరిగ్గా వేసి, వెనకనున్న యూపీఎస్‌ను మరిచిపోతారు. ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ అసలు బలం 360 వాట్లు మాత్రమే. మన ఐ5, ఆర్‌టీఎక్స్ 3060 జోడీకి లోపల 345 వాట్లు కావాలి. 85 శాతం సామర్థ్యమున్న సప్లై దానికోసం గోడ నుంచి 406 వాట్లు తీసుకుంటుంది. కరెంటు ఉన్నంతసేపు అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది. పోయిన క్షణంలో యూపీఎస్ ఓవర్‌లోడ్ అని కూతపెట్టి ఆగిపోతుంది. గంటల తరబడి చేసిన ఎడిటింగ్ దానితోపాటే పోతుంది.

అదే చోట ఆర్‌టీఎక్స్ 4060 పెడితే లోపల 290, గోడ దగ్గర 341. ఒడ్డున పడ్డట్టే, కానీ మానిటర్ కూడా అదే యూపీఎస్ మీద ఉంటే మళ్లీ హద్దు దాటుతుంది. ప్రాసెసర్, కార్డు రెండూ ఒకేసారి గరిష్ఠానికి చేరడం అరుదే, అయినా యూపీఎస్‌ను అంచున నిలబెట్టడం మంచిది కాదు. 1100 వీఏ యూపీఎస్ 660 వాట్ల దాకా మోస్తుంది. అందుకే కార్డు ఖర్చులో యూపీఎస్ ఖర్చు కూడా కలిపి చూడాలంటాను. కరెంటు తరచూ పోయే ఊళ్లో 170 వాట్ల పాత కార్డు కంటే 115 వాట్ల కొత్త కార్డే మొత్తం మీద చవక కావచ్చు. ఇంకో సంగతి: చవక యూపీఎస్ బ్యాటరీ మీద ఇచ్చే తరంగం మెట్లుమెట్లుగా ఉంటుంది. గోడ నుంచి కరెంటును సమంగా లాగే యాక్టివ్ పీఎఫ్‌సీ సర్క్యూట్ ఉన్న కొన్ని సప్లైలు దాన్ని ఒప్పుకోక ఆగిపోతాయి. కొనేటప్పుడు ప్యూర్ సైన్ వేవ్ అని అడగడం మంచిది.

కేబినెట్ ముట్టుకుంటే వేళ్లకు చిమచిమమంటే ఎర్తు లేదని అర్థం. ఎస్‌ఎంపీఎస్ ముందు భాగంలో ఉండే ఫిల్టర్ కెపాసిటర్లు ఎర్తు దొరకనప్పుడు ఇనుప పెట్టెను సుమారు సగం వోల్టేజీ దగ్గర నిలబెడతాయి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టరులో గుచ్చినా ఇదే జరుగుతుంది. ఉప్పునేలలో ఎర్తు కడ్డీ త్వరగా తుప్పు పట్టి, వైరు ఉన్నట్టే కనిపిస్తూ తెగిపోయి ఉంటుంది. ఖరీదైన కార్డు బిగించే ముందు ఎలక్ట్రీషియన్ చేత న్యూట్రల్‌కు, ఎర్తుకు మధ్య వోల్టేజీ కొలిపించాలి. ఒకటి రెండు వోల్టులు ఉంటే ఫరవాలేదు, పదులలో ఉంటే ముందు ఆ పని చూడాలి.

ఉప్పుగాలి, వయసు

సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ దుమ్ముతో కలిసి ఫ్యాన్ రెక్కల మీద, బోర్డు మీద అట్టగా పేరుకుంటాయి. ఆ పొర తేమ పీల్చుకుని కరెంటును పక్కదారి పట్టిస్తుంది, లోహపు కాళ్లను తినేస్తుంది. లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకు వేడి మరో శత్రువు. పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో వాడుకలో ఉన్న లెక్క. ఏడెనిమిదేళ్లు ఈ గాలిలో నడిచిన సప్లై మీద 500 అని రాసి ఉన్నా, దానికి కొత్త కార్డు అప్పగించను. ఎస్‌ఎంపీఎస్‌ను విప్పి శుభ్రం చేయడం మాత్రం ఇంట్లో చేసే పని కాదు. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల పైనే నిల్వ ఉంటుంది, ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా కొంతసేపు అది మనిషిని కొట్టగలదు.

ఈశాన్య రుతుపవనాల కాలంలో, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపాను లాంటి రోజుల్లో, కరెంటు పోయి వచ్చేటప్పుడు వోల్టేజీ ఎగిరిపడుతుంది. అలాంటప్పుడు స్విచ్ కట్టేయడం చాలదు, ప్లగ్గు తీసేయాలి.

బిగించాక పరీక్ష

ఆట మధ్యలో, వీడియో ఎగుమతి మధ్యలో కంప్యూటర్ తటాలున ఆగి మళ్లీ మొదలైతే మొదటి అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీదే. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అనే నమోదు కనిపిస్తుంది. అది కరెంటు అర్ధంతరంగా పోయిందని మాత్రమే చెబుతుంది, కారణం చెప్పదు. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాంలో 12 వోల్టుల అంకెను భారం మీద గమనించాలి. 11.4 నుంచి 12.6 లోపు ఉండాలి. మదర్‌బోర్డు సెన్సరు కొన్నిసార్లు తప్పు చూపిస్తుంది, అనుమానముంటే మల్టీమీటరుతో సరిచూడాలి. గోడ దగ్గర పెట్టే చిన్న ప్లగ్ మీటరు మొత్తం ఎన్ని వాట్లు పోతున్నాయో చూపిస్తుంది. చివరి ఉపాయంగా, కార్డు వాట్లను సాఫ్ట్‌వేర్‌తో 80 శాతానికి తగ్గించవచ్చు. వేగం తగ్గేది కొద్దిగానే, ఆదా అయ్యే వాట్లు మాత్రం ఎక్కువ. కానీ చాలని ఎస్‌ఎంపీఎస్‌ను కొత్తది వచ్చేదాకా నెట్టుకురావడానికే అది పనికొస్తుంది.

తోటపల్లి గూడూరు నుంచి కార్డు కొనాలంటే నెల్లూరు వెళ్లాలి, అక్కడ దొరకకపోతే చెన్నై రిచీ స్ట్రీట్‌కో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కో. తిరిగి వచ్చాక పిన్ను చాలలేదని తెలిస్తే ఒక రోజు, రైలు ఖర్చు పోతాయి. కాబట్టి బయలుదేరే ముందు కేబినెట్ రేకు విప్పండి. ఎస్‌ఎంపీఎస్ లేబుల్, దాని నుంచి వచ్చే ఖాళీ ప్లగ్గులు, యూపీఎస్ వెనక రాసి ఉన్న వాట్లు, మూడింటికీ ఫోనులో ఫొటోలు తీసుకోండి. షాపులో కార్డు చూడకముందే ఆ మూడు ఫొటోలు చూపించండి.